గాలిమోటరు ఎందుకు రాలేదు?

మా ఎల్లారెడ్డి వైపు హెలికాప్టర్‌ని హెలికాప్టర్ అని పిలిచేది బడికి పోయే పిల్లలే. పెద్దవాళ్లకి అది గాలిమోటరు. విమానమైనా గాలిమోటరే, హెలికాప్టరైనా గాలిమోటరే. రెండిటికీ తేడా ఏంటని మా వాడకట్టులో ఎవరినైనా అడిగితే, మీదికెళ్లి పోయేది ఒకటి, ఓట్లకు దిగేది ఇంకొకటి అంటారు. అందులో తప్పేమీ లేదు. 2023 నవంబరులో కామారెడ్డి ఎన్నిక గుర్తుందా? అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్, తర్వాత ముఖ్యమంత్రి అయిన రేవంత్ రెడ్డి ఇద్దరూ అక్కడే పోటీ చేశారు. ఇద్దరూ ఓడిపోయారు, అది వేరే కథ. ఆ నెలలో మా వైపు వాళ్లం చూసినన్ని హెలికాప్టర్లు అంతకుముందు ఎప్పుడూ చూడలేదు. పొలాల్లో సున్నంతో గుండ్రంగా గీసి, మధ్యలో అక్షరం రాసి, చుట్టూ పోలీసులు. అది దిగుతుంటే లేచే దుమ్ము కోసమే పిల్లలు పరుగెత్తేవాళ్లు.

హెలికాప్టర్ గురించి మా ఇంట్లో ఉన్న ఇంకో జ్ఞాపకం 2009 సెప్టెంబరు 2. బెల్ 430 హెలికాప్టర్ నల్లమల అడవిలో కూలిపోయి ముఖ్యమంత్రి రాజశేఖర రెడ్డి గారు, ఆయనతో ఉన్న మరో నలుగురు చనిపోయారు. నేనప్పుడు చాలా చిన్నదాన్ని. మా నాయినమ్మ మాత్రం ఇప్పటికీ ఆకాశం మబ్బు పట్టినప్పుడు గాలిమోటరు చప్పుడు వినిపిస్తే "వానల ఎందుకు ఎక్కుతరో" అని గొణుక్కుంటుంది.

అట్లాంటి నాయినమ్మే పోయిన ఆగస్టులో గాలిమోటరు కోసం వాకిట్లో నిలబడి ఎదురుచూసింది.

2025 ఆగస్టు 27, వినాయక చవితి. పండక్కి నేను హాస్టల్ నుంచి ఇంటికి వెళ్లాను. ఆ రోజు కామారెడ్డి జిల్లాలో పడ్డ వాన మీ అందరికీ వార్తల్లో తెలిసే ఉంటుంది. రాజంపేట మండలం అర్గొండలో ఒక్క రోజులో 40 సెంటీమీటర్లకు పైగా కురిసింది. 44వ నంబరు జాతీయ రహదారి దెబ్బతింది. రైలు పట్టాల కింద మట్టి కొట్టుకుపోయి పట్టాలు గాల్లో వేలాడాయి. నిజాం కాలం నాటి పోచారం ప్రాజెక్టు మీదుగా నీళ్లు పొంగి పారుతుంటే, కట్ట తెగుతుందని ఊళ్లకు ఊళ్లు నిద్రపోలేదు. వందేళ్లు దాటిన ఆ కట్ట నిలబడింది. కానీ ఎల్లారెడ్డి నుంచి కామారెడ్డి పోయే రోడ్డు లింగంపేట దగ్గర తెగిపోయింది.

మా అక్క అత్తగారిల్లు లింగంపేట మండలంలోనే, ఒక వాగు అవతల. అక్కకి తొమ్మిదో నెల. గురువారం పొద్దున ఆరు గంటలకు బావ ఫోన్ చేశాడు, నొప్పులు మొదలైనయని. వాగు మీద కల్వర్టు లేదు. అటు పక్క రోడ్డు లేదు. ఫోన్ కూడా ఒకసారి కలిస్తే మూడుసార్లు కలవడం లేదు. ఇంట్లో కరెంటు లేదు కాబట్టి టీవీ లేదు, నా ఫోన్లో మిగిలిన ముప్పై శాతం చార్జింగే మా అందరికీ ప్రపంచం. అందులోనే వార్త వచ్చింది. పక్క జిల్లా గంభీరావుపేట మండలం నర్మాల దగ్గర మానేరులో చిక్కుకున్నవాళ్ల కోసం రక్షణ దళాల హెలికాప్టర్ వస్తోందని. ఆ రోజే ఐదుగురిని దాంట్లో క్షేమంగా బయటికి తెచ్చారు.

నాయినమ్మ అది విన్నది. "గంభీరావుపేట దాంక అచ్చింది, గీడికి రాదా?" అంది. వస్తుందేమో అన్నాను. బాపు నాలుగు నంబర్లకు ఫోన్ చేశాడు. అందరూ వివరాలు రాసుకున్నారు. వాన మాత్రం ఆగలేదు, మబ్బు ఇంటి కప్పు మీదే కూర్చున్నట్టు ఉంది. పన్నెండు దాటాక నాయినమ్మ లోపలికి వచ్చి నా ముందు నిలబడి అడిగింది: "ఎలక్షన్లప్పుడు గన్ని గాలిమోటర్లు అచ్చినయ్ గదనే. ఇయ్యాల ఒక్కటి ఎందుకు రాదు? నువ్వు గా ఇంజినీరింగే సదువుతున్నవ్ గదా, చెప్పు."

మెకానికల్, నాలుగో సంవత్సరం. నా దగ్గర జవాబు లేదు.

చివరికి ఏ గాలిమోటరూ రాలేదు. మధ్యాహ్నం దాటాక వాన తెరపిచ్చింది, వాగు కాస్త తగ్గింది. ఊళ్లో ఎవరిదో జేసీబీ ఉంటే దాని ముందు బకెట్‌లో పరుపు వేసి, అక్కని, అత్తమ్మని కూర్చోబెట్టి వాగు దాటించారు. ఇవతల ఒడ్డున బాపు ట్రాక్టరు పెట్టుకుని నిలబడ్డాడు. రాత్రి తొమ్మిదింటికి ఆస్పత్రిలో పాప పుట్టింది. తల్లీ పిల్లా బాగున్నారు. కానీ ఆ తొమ్మిది గంటలు మా ఇంట్లో ఎట్లా గడిచాయో నేను రాయలేను.

హాస్టల్‌కి తిరిగొచ్చాక నాయినమ్మ ప్రశ్న నన్ను వదల్లేదు. మన దేశంలో హెలికాప్టర్లు తయారుచేసేది బెంగళూరులోని హెచ్‌ఏఎల్, అంటే హిందుస్థాన్ ఏరోనాటిక్స్. 1940లో వాల్‌చంద్ హీరాచంద్ మైసూరు సంస్థానంతో కలిసి మొదలుపెట్టిన కంపెనీ, తర్వాత ప్రభుత్వపరమైంది. దాని చరిత్ర చదవడం మొదలుపెడితే నాకొక విషయం అర్థమైంది. అక్కడ ప్రతి మోడలూ ఎక్కడో ఎవరో అడిగిన ఇదే ప్రశ్నలోంచి పుట్టింది. "ఇక్కడికి ఎందుకు రాదు?"

మొదటిది చేతక్. రాణా ప్రతాప్ గుర్రం పేరు. కానీ గుర్రం మనది కాదు, ఫ్రాన్స్‌ది. అక్కడి సూడ్ ఏవియేషన్ కంపెనీ తయారుచేసిన అలూయెట్ 3 అనే తేలికపాటి హెలికాప్టర్ 1959లో మొదటిసారి ఎగిరింది. దాన్ని ఇక్కడ తయారుచేసుకోవడానికి 1962లో ఒప్పందం కుదిరింది. 1965లో బెంగళూరులో కూర్చిన మొదటిది గాల్లోకి లేచింది. మొదట్లో ఫ్రాన్స్ నుంచి పెట్టెల్లో వచ్చిన భాగాల్ని ఇక్కడ బిగించడమే పని. తర్వాత మెల్లగా ఒక్కో భాగం ఇక్కడే చేసుకోవడం. ఒక ఇంజిన్, మూడు రెక్కలు, పైలట్‌తో కలిపి ఏడుగురు పడతారు. హైదరాబాద్ పక్కన హకీంపేటలో వాయుసేన హెలికాప్టర్ శిక్షణ పాఠశాలలో తరతరాల పైలట్లు నేర్చుకున్నది దీని మీదే.

మా బాపుకి ఎల్లారెడ్డిలో ట్రాక్టర్లు రిపేరు చేసే షెడ్డు ఉంది. చేతక్ కథ చెప్తే ఆయనకి వెంటనే అర్థమైంది. "అంటే ముందుగాల ఇప్పి బిగించుడు నేర్చుకున్నరన్నట్టు" అన్నాడు. ఆయన కూడా పద్నాలుగేళ్ల వయసులో నిజామాబాద్‌లో ఒక మేస్త్రి దగ్గర మూడేళ్లు అదే చేశాడు. విప్పి బిగించేవాడికి, తయారుచేసేవాడికి మధ్య చాలా దూరం ఉంది. ఆ దూరం నడవడానికి హెచ్‌ఏఎల్‌కి ముప్పై ఏళ్లు పట్టింది.

రెండోది చీతా. ఇది నాకు బాగా నచ్చిన కథ, ఎందుకంటే ఇందులో మన థర్మోడైనమిక్స్ సిలబస్ అంతా ఉంది. 1962 యుద్ధం తర్వాత మన సైన్యం హిమాలయాల్లో బాగా ఎత్తున కాపలా కాయాల్సి వచ్చింది. అంత ఎత్తులో హెలికాప్టర్ ఎగరడం కష్టం. రెక్క తిరిగి గాలిని కిందికి నెడితేనే కదా అది పైకి లేచేది. 6,000 మీటర్ల ఎత్తులో గాలి సాంద్రత సముద్ర మట్టం దగ్గర ఉండేదాంట్లో ఇంచుమించు సగమే. నెట్టడానికి గాలి లేదు, ఇంజిన్ పీల్చుకోవడానికీ గాలి లేదు. రెండు వైపులా దెబ్బ.

అంత దూరం ఎందుకు, మన కామారెడ్డికే లెక్క వేసి చూశాను. ఊరు సుమారు 500 మీటర్ల ఎత్తున ఉంది. మే నెలలో ఎండ 44 డిగ్రీలు అనుకుందాం. ఆదర్శ వాయు సమీకరణంలో పెడితే, సముద్ర మట్టంలో 15 డిగ్రీల దగ్గర ఉండే గాలి కంటే మన గాలి 14, 15 శాతం పల్చన. అంటే ఎండాకాలం కామారెడ్డిలో దిగే హెలికాప్టర్ కూడా కాస్త కొండెక్కినట్టే.

ఈ సమస్యకి ఫ్రాన్స్ వాళ్లు, భారత సైన్యం అడిగిన అవసరం కోసమే ఒక తేలికైన ఉపాయం చేశారు. పాత అలూయెట్ 2 శరీరం తేలిక, కొత్త అలూయెట్ 3 ఇంజిన్, రెక్కలు బలమైనవి. దీని ఒంటికి దాని కండలు అతికించారు. అదే లామా, 1969లో ఎగిరింది. హెచ్‌ఏఎల్ దాన్ని లైసెన్సు మీద తయారుచేసి చీతా అని పేరు పెట్టింది. దాని ఇంజిన్ అసలు శక్తి 870 హార్స్‌పవర్, కానీ వాడనిచ్చేది 550 మాత్రమే. మొదట చదివినప్పుడు ఉన్న బలాన్ని ఎందుకు కట్టేస్తారా అనుకున్నాను. తర్వాత తెలిసింది, పైకి పోయేకొద్దీ ఇంజిన్ బలం తగ్గుతుంది. కింద 870 ఉన్నది పైన బాగా తగ్గిపోయినా, ఆ 550 మాత్రం చాలా ఎత్తు దాకా చేతిలో ఉంటుంది. కింద దాచుకున్నది పైన ఖర్చు పెట్టడం.

ఆ లామా మీదే 1972 జూన్ 21న జాన్ బూలే అనే ఫ్రెంచి పైలట్ 12,442 మీటర్ల ఎత్తుకి వెళ్లి ప్రపంచ రికార్డు కొట్టాడు. అక్కడి చలికి ఇంజిన్ ఆగిపోయింది. మళ్లీ అంటుకోలేదు. ఆయన ఇంజిన్ లేకుండానే కిందికి దిగాడు. హెలికాప్టర్ ఇంజిన్ ఆగితే రాయిలా పడిపోతుందని మనం అనుకుంటాం. నిజానికి పడిపోతున్నప్పుడు కింది నుంచి వచ్చే గాలి రెక్కల్ని తిప్పుతూనే ఉంటుంది, జాతరలో పిల్లలు పట్టుకుని పరుగెత్తే కాగితం గిరక లాగ. ఆ తిరుగుడు ఆపకుండా కాపాడుకుంటూ, నేల దగ్గరికి వచ్చాక రెక్కల కోణం పెంచితే మెత్తగా దిగుతుంది. దీన్ని ఆటోరొటేషన్ అంటారు. పన్నెండు కిలోమీటర్ల ఎత్తు నుంచి ఇట్లా దిగాడంటే ఆలోచించండి.

చేతక్, చీతా రెండూ కలిపి హెచ్‌ఏఎల్ 600కు పైగా తయారుచేసింది. సియాచిన్ మీద మన సైనికులకి మందులు, కిరోసిన్ మోసింది, గాయపడ్డవాళ్లని కిందికి తెచ్చింది చీతాలే. కానీ మరీ ఎత్తైన చోట్లకి ఒక్కో ట్రిప్పులో కొద్ది కిలోల బరువే తీసుకుపోగలవు. పైగా రెండూ ఒక్క ఇంజిన్‌వి. రెండూ 1950ల నాటి ఆలోచనలు. ఇంకొంచెం బరువు మోయాలి, రెండు ఇంజిన్లు ఉండాలి, కొండమీదా సముద్రం మీదా పనిచేయాలి అన్నప్పుడు లైసెన్సు తెచ్చుకుంటే సరిపోలేదు. మనమే గీసుకోవాల్సి వచ్చింది.

అట్లా మొదలైందే ఏఎల్‌హెచ్, ధ్రువ్. 1984లో జర్మనీకి చెందిన ఎంబీబీ కంపెనీని సలహాదారుగా పెట్టుకున్నారు. 5.5 టన్నుల తరగతి, రెండు ఇంజిన్లు, నాలుగు రెక్కలు. అందులో రోటర్ తల గురించి బాపుకి చెప్పినప్పుడు మా మధ్య పెద్ద చర్చే జరిగింది. హెలికాప్టర్ ముందుకి పోతున్నప్పుడు ఒక పక్క రెక్క గాలికి ఎదురు పోతుంది, దానికి లిఫ్ట్ ఎక్కువ. ఇంకో పక్క రెక్క గాలితో పాటు వెనక్కి పోతుంది, దానికి తక్కువ. ఈ తేడాని సర్దడానికి మామూలుగా రెక్క మొదట్లో తలుపుకి ఉన్నట్టు బందులు పెడతారు. రెక్క పైకీ కిందికీ ఊగి సర్దుకుంటుంది. ధ్రువ్‌లో ఊగడానికి ఆ బందులు లేవు. ఫైబర్‌తో చేసిన మొదలు భాగమే వంగుతుంది.

"బందులు లేకుండ తలుపే వంగుతదా?" అన్నాడు బాపు.

"వెదురు కట్టె వంగదా బాపూ?"

కాసేపు ఆలోచించి, "వంగుతది. కని ఎన్నిసార్లు వంగుతది?" అన్నాడు. మా ఫెటీగ్ సబ్జెక్టు మొత్తం ఆ ఒక్క ప్రశ్నలో ఉంది. నిమిషానికి మూడు వందలసార్లకు పైగా తిరిగే రెక్క, తిరిగిన ప్రతిసారీ వంగుతుంది. వేల గంటలు విరగకుండా వంగాలి. అది తేలడానికి ఏళ్ల తరబడి పరీక్షలు కావాలి.

మొదటి ధ్రువ్ 1992 ఆగస్టులో ఎగిరింది. సైన్యం చేతికి 2002లో వచ్చింది. మధ్యలో 1998 పోఖ్రాన్ అణుపరీక్షలు. అమెరికా ఆంక్షలు పెట్టింది. అక్కడి ఇంజిన్ పెట్టాలనుకున్న ఆలోచన ఆగిపోయింది. ఫ్రాన్స్ కంపెనీ టర్బోమెకా ఇంజిన్‌తో ముందుకి నడిచారు. తర్వాత అదే కంపెనీతో కలిసి ఇంకా బలమైన ఇంజిన్ తయారుచేసుకున్నారు. దాని పేరు శక్తి. అది బిగించిన ధ్రువ్ 2007లో ఎగిరింది. అదే మార్క్ 3. ఆయుధాలు మోసేది మార్క్ 4, రుద్ర.

ఇక్కడ నేను చదవడం ఆపి ఒక లెక్క వేసుకున్నాను. 1984లో ఇరవై రెండేళ్ల వయసులో, అంటే ఇప్పుడు మన వయసులో, ఆ ప్రాజెక్టులో చేరిన ఇంజినీరుకి ధ్రువ్ సైన్యం చేతికి వచ్చేనాటికి నలభై ఏళ్లు. తలలో తెల్లవెంట్రుకలు. ఆ పద్దెనిమిదేళ్లలో తనతో చదువుకున్నవాళ్లు ఎన్ని కంపెనీలు మారి ఉంటారు, ఎన్ని దేశాలు చూసి ఉంటారు! బంధువులు ఇంటికొస్తే "ఏం చేస్తున్నవ్ బాబూ" అని అడుగుతారు కదా, "హెలికాప్టర్ చేస్తున్నా" అని పద్దెనిమిదేళ్లు ఒకటే జవాబు. మన దగ్గర ప్రాజెక్టు రిపోర్టు పదిహేను రోజుల్లో ప్రింటుకి పోతుంది.

ఇదంతా గెలుపుల కథ అనుకోకండి. ఈక్వడార్ దేశం ఏడు ధ్రువ్‌లు కొంటే నాలుగు కూలిపోయాయి. 2015లో ఆ దేశం ఒప్పందమే రద్దు చేసుకుంది. 2025 జనవరి 5న గుజరాత్‌లోని పోర్‌బందర్‌లో కోస్ట్ గార్డ్ ధ్రువ్ కూలి ముగ్గురు చనిపోయారు. ఆ తర్వాత దేశమంతా ధ్రువ్‌లని నెలల తరబడి నేల మీదే ఉంచారు. దర్యాప్తులో చూపు పడింది స్వాష్‌ప్లేట్ మీద. పైలట్ చేతిలోని కర్ర కదలికని తిరిగే రెక్కలకి చేరవేసే పళ్లెం లాంటి భాగం అది. కింది పళ్లెం తిరగదు, వంగుతుంది. పైది రెక్కలతో పాటు తిరుగుతూ కిందిదాని వంపుని అనుసరిస్తుంది. రెండిటి మధ్య బేరింగు. అక్కడ పగులు వస్తే పైలట్ ఎంత గొప్పవాడైనా రెక్కలు అతని మాట వినవు.

బేరింగు అంటే మనం సెకండ్ ఇయర్‌లో టేబుల్ చూసి నంబరు వేసి పది మార్కులు తెచ్చుకున్నదే. ఇది చదివాక నేను మళ్లీ ఆ పుస్తకం తీసి ఆ చాప్టర్ మొదటి నుంచి చదివాను. ఈసారి మార్కుల కోసం కాదు.

ధ్రువ్ నుంచి ఇంకో కొమ్మ వచ్చింది. 1999 కార్గిల్ యుద్ధంలో అంత ఎత్తున దాడి చేయగల హెలికాప్టర్ మన దగ్గర లేదు. ధ్రువ్ రోటర్‌నే తీసుకుని, సన్నటి శరీరంలో ఇద్దరు పైలట్లని ముందొకరు వెనకొకరిగా కూర్చోబెట్టి ఎల్‌సీహెచ్ చేశారు. 2010లో ఎగిరింది, 2022 అక్టోబరులో ప్రచండ్ అన్న పేరుతో వాయుసేనలో చేరింది. 2025 మార్చిలో ఒకేసారి 156 ప్రచండ్‌లకి ఒప్పందం జరిగింది. ఇక ముసలివైపోయిన చేతక్, చీతాల చోటులోకి రావాల్సింది ఎల్‌యూహెచ్, మూడు టన్నుల తరగతి, ఒక ఇంజిన్. 2016 సెప్టెంబరులో మొదటిసారి ఎగిరింది. దాని కోసం కర్ణాటకలోని తుమకూరు దగ్గర 615 ఎకరాల్లో కట్టిన ఫ్యాక్టరీ 2023 ఫిబ్రవరిలో మొదలైంది. మొదట ఏడాదికి 30 హెలికాప్టర్లు, తర్వాత 60, ఆ తర్వాత 90 తయారుచేయాలని లక్ష్యం. పెట్టెల్లో వచ్చిన భాగాలు బిగించిన 1965 నుంచి చూస్తే ఇది చిన్న దూరం కాదు.

మరి నాయినమ్మ ప్రశ్న? దానికి ఇప్పుడు సగం జవాబు ఉంది నా దగ్గర.

హెలికాప్టర్ వానకి తడిస్తే పాడవదు. కష్టం కనబడకపోవడం. మబ్బు నేలకి దగ్గరగా దిగితే పైలట్‌కి కొండ, కరెంటు తీగ, సెల్ టవర్ ఏదీ కనిపించదు. విమానానికైతే విమానాశ్రయంలో దారి చూపే పరికరాలు ఉంటాయి. లింగంపేట వాగు ఒడ్డున ఏముంటాయి? గాల్లో ఒకేచోట నిలబడి తాడు వేయాలంటే కింద ఒక చెట్టో, గోడో కంటికి ఆనాలి. వాన హోరులో అది కూడా ఉండదు. పైగా పెద్ద ఉరుముల మబ్బులో గాలి ఒకచోట పైకి లాగితే ఇంకోచోట కిందికి తొక్కుతుంది. అందుకే ఎవరికైతే అప్పుడే కావాలో, వాళ్ల దగ్గరికి తెరపిచ్చాకే వస్తుంది. 2018 కేరళ వరదల్లో నిండు నెలల గర్భిణిని నౌకాదళం హెలికాప్టర్ తాడుతో పైకి లాగింది. కొద్ది గంటల్లోనే ఆమెకి బాబు పుట్టాడు. ఆ వీడియో మా అమ్మ అప్పట్లో అందరికీ చూపించింది. అట్లాగే ఇద్దరు ఆడవాళ్లని కాపాడిన ఒక ఇంటి డాబా మీద పెద్ద తెల్ల అక్షరాలతో థాంక్స్ అని రాశారు. అది అబద్ధం కాదు, మా అక్క జేసీబీ బకెట్లో వాగు దాటడమూ అబద్ధం కాదు. రెండూ మన దేశంలోవే.

ఇదంతా దసరా సెలవుల్లో నాయినమ్మకి చెప్పాను. ఒళ్లో పాపని ఊపుతూ మొత్తం వింది.

"అంటే దానికి కండ్లు లెవ్వన్నట్టు" అంది.

"ఉన్నయి. వానల కనబడయి."

"మల్ల కనబడేటట్టు చెయ్యున్రి" అంది. చేయమని ఎవరిని అంటోందో చెప్పలేదు, పాప వంకే చూస్తోంది.

కనబడేటట్టు చేసే పని ప్రపంచమంతటా నడుస్తూనే ఉంది. రాడార్లు, రాత్రిపూట చూసే కెమెరాలు, నేల ఎత్తు చెప్పే పటాలు, దానంతట అదే గాల్లో నిలబడేలా చేసే ఆటోపైలట్లు. అవన్నీ తేలికై, చవకై, జిల్లాకొక చోట ఉండేంత మామూలు వస్తువులైన రోజు నాయినమ్మ ప్రశ్నకి మిగతా సగం జవాబు వస్తుంది. ఆ పని ఎక్కడో దూరాన జరిగేది కూడా కాదు. బాలానగర్‌లో 1965 నుంచి హెచ్‌ఏఎల్ ఏవియానిక్స్ డివిజన్ ఉంది. ఆదిబట్లలో 2018 నుంచి అపాచీ హెలికాప్టర్ల శరీరాలు తయారవుతున్నాయి. మనం సినిమాకి పోయే బస్సులు ఆ బాలానగర్ మీదుగానే పోతాయి.

మా క్లాసులో అరవై మందిమి. అందులో నలభై మందికి పైగా కోడింగ్ నేర్చుకుంటున్నారు. వాళ్లని నేనేమీ అనను. ఇళ్లలో అప్పులున్నాయి, చెల్లెళ్ల చదువులున్నాయి, పద్దెనిమిదేళ్లు ఎదురుచూసే తీరిక అందరికీ ఉండదు. మా ఇంట్లో కూడా ఈ మాట నడిచింది. నేను గేట్ రాస్తానంటే అమ్మ జీతం ఎప్పుడు వస్తుందని అడిగింది. న్యాయమైన ప్రశ్న. బాపు షెడ్డులో చేతులు తుడుచుకుంటూ, "మూడేండ్లు మేస్త్రి దగ్గర జీతం లేకుండ చేసిన. మా నాయిన ఏమనలే" అన్నాడు. అమ్మకి అది పూర్తిగా నచ్చలేదు. రెండేళ్లు చూద్దాం, కాకపోతే సాఫ్ట్‌వేర్ ఎటూ పోదు అని ఒప్పందానికి వచ్చాం.

జూనియర్స్‌కి ఒక్క మాట. మెషిన్ డిజైన్ క్లాసులో బేరింగు టేబుల్ బోర్ కొట్టినప్పుడు, ఆ నంబరు మీద ఆధారపడి ఎవరో గాల్లో ఉంటారని ఒకసారి తలుచుకోండి. కింద వాగు ఒడ్డున ఇంకెవరో దాని చప్పుడు కోసం చెవులు రిక్కించి ఉంటారు.

మొన్న ప్లేస్‌మెంట్ సెల్ వాళ్లిచ్చిన ఫారంలో, మీకిష్టమైన రంగం అన్నచోట ఒక్క మాట పట్టేంత గడి ఉంది. నేను రోటర్లు అని రాశాను.